ప్లే జోన్‌కు వెళ్తే బిల్లు తడిసి మోపెడైంది, పిల్లల్ని ఇంకెక్కడికి తీసుకెళ్తున్నారు?

బాచుపల్లి_బాబాయ్
ఆదివారం ఎండకు భయపడి పిల్లలిద్దర్నీ ఒక మాల్‌లోని ప్లే జోన్‌కు తీసుకెళ్లాం. పాపకు ఏడేళ్లు, బాబుకు మూడు. మా అమ్మ కూడా వచ్చింది. బయట బోర్డు మీద గంటకు 600 అని కొట్టొచ్చినట్టు రాసుంది. తీరా కౌంటర్ దగ్గరికి వెళ్తే శని, ఆదివారాలు 750 అట. ఆ ముక్క బోర్డు అడుగున సన్నటి అక్షరాల్లో ఉంది. ఒక పిల్లకు ఒక పెద్ద మనిషి ఫ్రీ, మూడో మనిషికి 200. అమ్మ ఆడేది లేదు, పాడేది లేదు, ఓ మూల కూర్చుంటుందంటే వినలేదు. ఇంటి నుంచి వేసుకొచ్చిన సాక్స్ కుదరవట, అడుగున రబ్బరు చుక్కలున్నవే కావాలట. జత 100 చొప్పున ఐదుగురికి 500.

గంట లెక్క లోపల అడుగుపెట్టినప్పుడు కాదు, బిల్లు కొట్టినప్పుడే మొదలవుతుంది. సాక్స్ తొడుక్కుని, చెప్పులు లాకర్‌లో పెట్టి, దెబ్బ తగిలితే వాళ్ల పూచీ లేదనే కాగితం మీద సంతకం పెట్టేసరికి పది నిమిషాలు హారతి కర్పూరం. చివర్లో మావాడు బాల్ పూల్‌లోంచి రానని మొండికేశాడు. వాణ్ణి పట్టుకోవడానికి మా ఆవిడ ఒక వైపు నుంచి, నేను ఇంకో వైపు నుంచి దిగాం. ఆ ఆలస్యానికి అరగంట అదనం, ఇద్దరికీ 600. మొత్తం 2,800. తిండి ఖర్చు ఇందులో లేదు.

పిల్లలు సంతోషంగానే ఉన్నారు, కాదనను. కానీ అన్నిచోట్లా ఇంతేనా? హైదరాబాద్‌లో నీడపట్టున పిల్లల్ని తిప్పడానికి ఇంకేమున్నాయి?

పప్పుచారు
అన్నీ సరే, అమ్మగారికి ఏ రంగు సాక్స్ ఇచ్చారు? మా అత్తగారికి గులాబీ రంగువి ఇచ్చారు, పట్టుచీర మీదకి. ఆ ఫొటో ఇప్పటికీ ఫ్యామిలీ గ్రూపులో తిరుగుతోంది.

బాచుపల్లి_బాబాయ్
పచ్చవి. మా అమ్మ వాటిని ఇంటికి తెచ్చి ఉతికి ఆరేసింది. వంద పెట్టి కొన్నాం కదా, చలికాలం పనికొస్తాయట.

ఇద్దరి_అమ్మ
ఆవిడే తెలివైనవారు. ఆ సాక్స్ పారేయకుండా కారు డిక్కీలో ఒక సంచిలో పడేసి ఉంచండి. ఎక్కడికి వెళ్లినా అడుగున చుక్కలుంటే చాలు, చాలాచోట్ల ఒప్పుకుంటారు. సాక్స్ విషయంలో మాత్రం నేను వాళ్ల వైపే. మామూలు సాక్స్‌తో ఆ ప్లాస్టిక్ మెట్ల మీద జర్రున జారతారు, వట్టి కాళ్లతో వదిలితే అందరి పాదాల మురికీ అందరికీ. డబ్బు దండుకునేది అక్కడ కాదు, ఆ అరగంట లెక్కలో.

మంగళ, బుధవారాల్లో మధ్యాహ్నం వెళ్లి చూడండి. సగం ధరకు కూడా దొరుకుతుంది, పైగా మీ బాబుకు బాల్ పూల్ మొత్తం ఒక్కడికే.

నిజం_నిష్ఠూరం
మాల్‌లో అద్దె, రోజంతా ఏసీ, పదిమంది స్టాఫ్. గాల్లోంచి వస్తాయా డబ్బులు? ఎవరూ మెడ పట్టుకుని లోపలికి తోయలేదు కదా. నచ్చకపోతే కౌంటర్ దగ్గర్నుంచే వెనక్కి తిరగాల్సింది.

బాచుపల్లి_బాబాయ్
నిష్ఠూరం గారూ, అద్దం అవతల రంగురంగుల జారుడుబల్ల చూపించాక మూడేళ్ల వాణ్ణి వెనక్కి తిప్పి చూడండి, నేను మీకు 2,800 ఇస్తా. నా గొడవ ధర ఎక్కువని కాదు, బోర్డు మీద ఒకటి బిల్లులో ఒకటి అని.

లాయర్_కానివాడు
మాల్ పార్కింగ్‌కు కూడా కట్టారా? బిల్లు చూసుకోండి. తెలంగాణలో 2018 నాటి జీవో 63 ప్రకారం మాల్స్‌లో మొదటి అరగంట పార్కింగ్ ఉచితం. అరగంట నుంచి గంట వరకూ అయితే మాల్‌లో ఏదైనా కొన్న బిల్లు చూపిస్తే చాలు. గంట దాటితే ఆ బిల్లు పార్కింగ్ రుసుము కన్నా ఎక్కువుండాలి. మీ ప్లే జోన్ రశీదు చూపిస్తే ఆ లెక్కన రుసుము పడకూడదు.

ఏలూరు_కాలువ
మరి మాకు?

లాయర్_కానివాడు
అది తెలంగాణ జీవో అండీ, ఏలూరుకు వర్తించదు.

కుక్కర్_విజిల్
నీళ్ల సీసా సంగతి ఎవరూ అడగరేం? మా ఇంటి నీళ్లు గేటు దగ్గర లాక్కుని, లోపల 20 రూపాయల సీసా 60కి అమ్మారు. ఎమ్మార్పీ మీద అమ్మడం నేరం కాదా?

లాయర్_కానివాడు
అంత తేలిగ్గా తేలదు. హోటళ్లు, రెస్టారెంట్లు కూర్చోబెట్టి సర్వీసు కూడా ఇస్తాయి కాబట్టి ఎమ్మార్పీ కన్నా ఎక్కువ తీసుకోవచ్చని 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్లే జోన్ వాళ్లు లోపలున్న కెఫేని అడ్డం పెట్టుకుని అదే వాదిస్తారు. ఒకే సరుకు మీద బయటికో ఎమ్మార్పీ, మాల్‌కో ఎమ్మార్పీ అచ్చు వేయడం మాత్రం 2018 జనవరి 1 నుంచి కుదరదు. సీసా మీద 20 అని ఉండి 60 తీసుకుంటే బిల్లు ఫొటో, సీసా ఫొటో పెట్టుకుని 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. బాబాయ్ గారి బోర్డు గొడవకు కూడా అదే నంబరు. బోర్డు ఫొటో తీశారా?

బాచుపల్లి_బాబాయ్
పిల్లల ఫొటో ఒకదాంట్లో వెనక పడింది. 600 కనిపిస్తోంది, సన్నక్షరాలు కనిపించట్లేదు. సరిగ్గా నాక్కావలసింది అదే.

రిటైర్డ్_మాస్టారు
ఇంట్లో అష్టాచెమ్మా పట్టా పరిస్తే నలుగురు పిల్లలు సాయంత్రం దాకా కదలరు. చింతగింజలకు టికెట్ లేదు.

ఇద్దరి_అమ్మ
మాస్టారూ, మూడేళ్లవాడు చింతగింజ చేతికిస్తే పందెం వెయ్యడు, ముక్కులో పెట్టుకుంటాడు. మా ఫ్లాట్‌లో పిల్లలు సోఫా మీంచి ఒక్క దూకు దూకితే కిందింటి ఆంటీ పైకి వచ్చేస్తారు. మే నెలలో పార్కులో జారుడుబల్ల ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. అందుకే ఈ ఏసీ గదులు బతుకుతున్నాయి.

రిటైర్డ్_మాస్టారు
ముక్కు విషయం ఒప్పుకుంటాను. నా ఫిర్యాదు వేరు. తాతలకూ బామ్మలకూ టికెట్ కొడతారు, కూర్చోడానికి మాత్రం కుర్చీ ఉండదు. మనవరాలి కోసం వెళ్లి గంటన్నర గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఉన్న నాలుగు కుర్చీల మీదా హ్యాండ్‌బ్యాగులు కూర్చున్నాయి.

కౌంటర్_వెనక
నేను డిగ్రీ చదివేటప్పుడు ఇలాంటి ఒక ప్లే జోన్‌లో పనిచేశాను. ఏదో చెప్పకూడదు, ఇప్పుడది మూసేశారు కూడా. మీకు తెలియనివి కొన్ని చెప్తాను.

వారం మధ్యలో జనం ఉండరు, ఈగలు తోలుకోవడమే. నెల గడిచేది పుట్టినరోజు పార్టీల మీద. అందుకే శని, ఆదివారాల్లో సగం జాగా పార్టీకి కట్టేసి, మిగతా సగంలోకి పూర్తి టికెట్‌తో మిమ్మల్ని పంపిస్తారు. లోపలికి వెళ్లే ముందు 'ఇవాళ పార్టీ ఉందా?' అని అడగండి. ఉంటే ఇంకో పూట రండి.

కుర్చీలు కావాలనే తక్కువ వేస్తారని నేను అనను. కానీ ఎక్కువుంటే పెద్దవాళ్లు ఫోన్లు పట్టుకుని కూర్చుండిపోతారు, పిల్లల్ని మేం చూసుకోవాలి. మేం ఇద్దరం, లోపల యాభైమంది. ఎవరి పిల్లాడు ఎవరిని తోశాడో చూసేదెవరు?

రాత్రి మూసేశాక బాల్ పూల్ బంతులన్నీ వలల్లోకి ఎత్తి అడుగు ఊడ్చేది మా డ్యూటీ. హెయిర్ క్లిప్పులు, బిస్కెట్ ముక్కలు, తడిసిన డైపర్, చిల్లర, ఒకసారి పాలపన్ను కూడా. అన్నిటికన్నా ఎక్కువ దొరికేవి వెండి పట్టీలు. దయచేసి ఆడపిల్లలకు పట్టీలు వేసి పంపకండి. పోతాయని కాదు, ఎక్కే వలలో మువ్వ ఇరుక్కుని పిల్ల తలకిందులుగా వేలాడిన రోజు నేనక్కడే ఉన్నాను. కత్తెరతో వల కోసి దించాం. లంగా ఓణీలు, చున్నీలు కూడా వద్దు. పార్టీకి వచ్చే పిల్లలు లెహంగాల్లోనే వస్తారు, అదో పెద్ద టెన్షన్.

చిట్టిగాడి_అమ్మ
పట్టీల సంగతి చదివాక ఇప్పుడే మా పాప కాళ్లవి తీసేశా. బంతులు కడుగుతారా మరి?

కౌంటర్_వెనక
కడిగేవాళ్లు కడుగుతారు. మా దగ్గర వారానికోసారి సబ్బునీళ్లలో వేసి తీసేవాళ్లం, సెలవుల రద్దీలో అది కూడా వాయిదా. చెయ్యి లోపలికి పెట్టి అడుగున తడమండి. జిగురుగా తగిలితే వెనక్కి వచ్చేయండి.

నైట్_షిఫ్ట్_నర్సు
ఆ జిగురు నుంచే మా ఓపీ నిండుతుంది. వానాకాలంలో చేతుల మీద, కాళ్ల మీద, నోట్లో పొక్కులతో ఐదేళ్ల లోపు పిల్లలు వరస కడతారు. హ్యాండ్ ఫుట్ మౌత్ అంటాం. ఎక్కువమందికి వారం పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది, కానీ నోటి పుండ్లతో నీళ్లు కూడా తాగరు, తల్లికి తలప్రాణం తోకకొస్తుంది. ప్లే జోన్ నుంచి రాగానే సబ్బుతో చేతులు కడిగించండి. ఆ వైరస్‌కు శానిటైజర్ అంతగా పనిచేయదు. మీ పిల్లలకు జ్వరం ఉంటే, టికెట్ ముందే బుక్ చేశామని తీసుకురాకండి, అది ఇంకా ముఖ్యం.

ట్రాంపొలిన్ల గురించి ఒక మాట. ఒక్క గడిలో ఒక్కరే ఎగరాలి. ఇద్దరు కలిసి ఎగిరితే బరువు తక్కువున్న పిల్లకే దెబ్బ తగులుతుంది. నాన్నలు పిల్లతో కలిసి ఎగిరి రీల్ తీస్తుంటారు, వాళ్లలో కొందరు తర్వాత మా ఎక్స్‌రే గది బయట కనిపిస్తారు.

నిజం_నిష్ఠూరం
అంటే గాజు బీరువాలో పెట్టి పెంచాలా పిల్లల్ని? మట్టిలో ఆడితే రాని జబ్బా ఇది?

నైట్_షిఫ్ట్_నర్సు
బీరువా నేను అనలేదు, సబ్బు అన్నాను.

మేస్త్రీ_మాట
నేను బిల్డింగ్ పనుల్లో ఉంటాను. మీరంతా బంతుల దగ్గరే ఆగిపోయారు. 2024 మే 25న రాజ్‌కోట్‌లో టీఆర్‌పీ గేమ్ జోన్ కాలిపోయింది, గుర్తుందా? వేసవి సెలవులు, శనివారం, 99 రూపాయల ఆఫర్. రేకుల షెడ్డు, లోపల వెల్డింగ్ పని జరుగుతుండగానే జనాన్ని రానిచ్చారు, ఫైర్ ఎన్‌వోసీ, అంటే అగ్నిమాపక శాఖ అనుమతి, లేదు. పాతిక మందికి పైగా చనిపోయారు, వాళ్లలో పిల్లలున్నారు.

సాఫ్ట్ ప్లే అంటేనే ఫోమ్, రెగ్జిన్, ప్లాస్టిక్. అంటుకుంటే మంట కన్నా ముందు నల్లటి పొగ కమ్మేస్తుంది. నేను పిల్లల్ని లోపలికి పంపే ముందు రెండో తలుపు ఎక్కడుందో చూస్తాను. ఉండటమే కాదు, దాని ముందు కేక్ అట్టపెట్టెలు, పాత బొమ్మ కార్లు పేర్చారా, తాళం వేశారా అని తోసి చూస్తాను. లోపల ఎక్కడైనా రిపేరు పని నడుస్తుంటే అసలు ఆగను. మా ఆవిడ తిడుతుంది, తిట్టనీ.

ఇద్దరి_అమ్మ
ఇది నేనెప్పుడూ చూడలేదు. ఇక చూస్తాను.

ఓరుగల్లు_పిలగాడు
బాబాయ్ గారు అడిగింది వేరే జాగాలేమున్నయని, ఎవరూ చెప్తలేరు. మేము వరంగల్ నుంచి పిల్లలతో వస్తే సాలార్‌జంగ్ మ్యూజియమే. మా పిల్లలు వదలరు.

పప్పుచారు
మ్యూజియమా? నన్ను మా స్కూల్ వాళ్లు తీసుకెళ్లారు. నాకు గుర్తున్నదల్లా పులిహోర పొట్లం.

ఓరుగల్లు_పిలగాడు
స్కూల్ వాళ్లు వరసలో నడిపించుకుంట పోతరు, అందుకే గట్ల. నేను చెప్పే పద్ధతి వేరు. ముందు గడియారం. గంట కొట్టే టైముకు పావుగంట ముందే పోయి ముందు వరసలో కూసోవాలి. గంటకు కొద్దిగ ముందు తలుపు తెరుచుకుని గడ్డం బొమ్మ బయటికొస్తది, గంట కొట్టి మళ్ల లోపలికి పోతది. ఇంకో మూల కమ్మరి బొమ్మ సుత్తె కొట్టుడు ఆపనే ఆపదు. అక్కడ పెద్దలు, పిల్లలు అంతా మెడలు ఎత్తుకుని ఒక్క తీరు చూస్తరు. పన్నెండింటికి పోతే పన్నెండు సార్లు కొడ్తది, కానీ జనం ఎక్కువ, కూసోను జాగ దొరకదు. పదకొండుకు పొండి.

తర్వాత పిల్లల గది, పాతకాలం ఆటబొమ్మలు. ఆఖరికి ఒక్క చెక్కలో చెక్కిన జంట బొమ్మ: ముందు మెఫిస్టోఫిలీస్ అనే సైతాను, వెనక మార్గరెట్టా అనే పిల్ల. వెనక్కున్న ఆమె అద్దంలో కనబడ్తది. పిల్లల్ని ముందు నిలబెట్టి 'వెనకెవరున్నరో చెప్పు' అనండి, ఇంక ముందుకీ వెనక్కీ ఉరుకుతనే ఉంటరు. పింగాణీ, కత్తుల గదులు వాళ్లకై వాళ్లు అడిగితే తప్ప చూపియ్యొద్దు. శుక్రవారం సెలవు, యాది పెట్టుకోండి.

రిటైర్డ్_మాస్టారు
అక్కడ కుర్చీలుంటాయి. గడియారం ముందు హాయిగా కూర్చోవచ్చు. బామ్మగారికి అదే మంచిది.

చిట్టిగాడి_అమ్మ
నా ఓటు బిర్లా సైన్స్ సెంటర్‌కు. నౌబత్ పహాడ్ మీద, బిర్లా మందిర్ పక్కనే. ప్లానెటేరియం 1985లో ఎన్టీఆర్ ప్రారంభించారు, తెలుగులో కూడా షో ఉంటుంది. పిల్లలకు ప్రాణం మాత్రం డైనోసార్. అది బొమ్మ కాదు, మన ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలతో నిలబెట్టిన అస్థిపంజరం, 44 అడుగుల పొడవు. పేరు కోటసారస్. మావాడు అది చూసి 'దీనికి తెలుగు వచ్చా?' అని అడిగాడు. సైన్స్ సెంటర్‌లో మీటలు నొక్కే ప్రయోగాలు చాలా ఉన్నాయి. కొన్ని పనిచేయవు, ముందే చెప్పండి, లేకపోతే ఏడుస్తారు.

ఇద్దరి_అమ్మ
మూడేళ్ల పిల్లలు ప్లానెటేరియంలో లైట్లు ఆర్పగానే గుక్కపెడతారు. తలుపు దగ్గర సీటు చూసుకోండి, లేదా ఒకరు బయట ఉండి చిన్నవాణ్ణి ఆడించండి.

ఇండియానా_ఇడ్లీ
స్నో వరల్డ్ ఎవరూ చెప్పలేదే? లోయర్ ట్యాంక్‌బండ్‌లో ఉంది, 2004లో తెరిచారు. లోపల మైనస్ ఐదు. జాకెట్, బూట్లు, గ్లవ్స్ వాళ్లే ఇస్తారు. మే నెలలో పిల్లలకు అంతకన్నా ఏం కావాలి.

పప్పుచారు
ఇండియానా నుంచి మీరు చెప్తున్నారా స్నో చూడమని!

ఇండియానా_ఇడ్లీ
నిజమే, ఇక్కడ దాన్ని పారతో ఎత్తిపోసి నడుం పట్టేసిన వాణ్ణే. ఇక్కడి సంగతి కూడా చెప్తా. ఇండియానాపొలిస్‌లో పిల్లల మ్యూజియం ఉంది, ప్రపంచంలోనే అన్నిటికన్నా పెద్దదని పేరు. బయట గోడ పగలగొట్టుకుని డైనోసార్లు వస్తున్నట్టు బొమ్మలుంటాయి. రోజు టికెట్ కొంటే ఖరీదే. ఏడాది సభ్యత్వం తీసుకుంటే చలికాలమంతా వెళ్తూనే ఉండొచ్చు, గంట లెక్క లేదు.

చక్ ఈ చీజ్ అని ఇక్కడ పిజ్జా తింటూ పిల్లలు ఆడుకునే చోటుంది, అందులో నాకు నచ్చింది ఒకటుంది. లోపలికి వెళ్లేటప్పుడు పిల్లల చేతి మీద, పెద్దల చేతి మీద ఒకే నంబరు ముద్ర వేస్తారు, మామూలుగా కనిపించదు. బయటికి వెళ్లేటప్పుడు ప్రత్యేక లైటు కింద రెండూ కలిస్తేనే వదులుతారు. మన దగ్గర ఎవరి పిల్లాణ్ణి ఎవరు తీసుకెళ్తున్నారో అడుగుతారా?

కౌంటర్_వెనక
మా దగ్గర రిస్ట్‌బ్యాండ్ నంబరు చూసేవాళ్లం. రద్దీలో చూసేవాళ్లం కాదు. మీ వాళ్లను మీరే చూసుకోవాలి.

సాగర_తీరం
విశాఖ వచ్చేవాళ్లు ఆర్కే బీచ్‌లో కురుసుర మర్చిపోకండి. నిజమైన సబ్‌మెరైన్, 2002 నుంచి మ్యూజియం. ఒక కొస నుంచి ఎక్కి ఇంకో కొస నుంచి దిగుతాం. మధ్యలో గుండ్రటి ఇరుకు ద్వారాల్లోంచి పిల్లలు చకచకా దూరిపోతారు, తలకు బొప్పి కట్టేది నాన్నలకే. నేవీలో పనిచేసి రిటైరైనవాళ్లు దగ్గరుండి చెప్తారు. పడుకునే బల్లలు చూసి మా అమ్మాయి 'ఇంతమందికి ఇన్ని బాత్రూములేనా' అని గైడ్‌ను నిలదీసింది. ఆయన ఓపిగ్గా జవాబు చెప్పారు. సోమవారం సెలవు.

నిజం_నిష్ఠూరం
అన్నీ చదివాను. సాలార్‌జంగ్‌కు నేనూ వెళ్తా. కానీ పిల్లలు వారం వారం గడియారం చూడరు, గెంతడానికి చోటు కావాలి. మీరు మళ్లీ ఆ ప్లే జోన్‌కే వెళ్తారు, రాసి పెట్టుకోండి.

బాచుపల్లి_బాబాయ్
వెళ్తాను, మంగళవారం, సాక్స్ సంచి పట్టుకుని, రెండో తలుపు తోసి చూసి. 1915కు ఫోన్ చేశాను, ఫిర్యాదు తీసుకున్నారు, బోర్డు ఫొటో పంపించమన్నారు. ఏమవుతుందో రాస్తా. వచ్చే ఆదివారం మాత్రం డైనోసారే, పాప ఇప్పటికే దాని బొమ్మ గీసి ఫ్రిజ్‌కు అంటించింది.

కూల్_కిరణ్
ఈ శుక్రవారం నాకు లీవ్, సాలార్‌జంగ్ ప్లాన్ చేస్తున్నా. టైమింగ్స్ ఎవరైనా చెప్పండి.

ఓరుగల్లు_పిలగాడు
పైన చదవకుండనే అడుగుతున్నవా తమ్మీ?

చిట్టిగాడి_అమ్మ
కౌంటర్_వెనక గారికి ఒక ప్రశ్న. మా చెల్లెలి కూతురి పట్టీ ఒకటి మొన్న ఒక ప్లే జోన్‌లో పోయింది. అడిగితే దొరకలేదన్నారు. మళ్లీ అడగొచ్చా?

కౌంటర్_వెనక
అడగండి. పోయిన రోజు పగలు ఎవరికీ దొరకదు, రాత్రి ఊడ్చాకే బయటపడుతుంది. అందుకే పొద్దున తెరిచే టైముకు వెళ్లండి, ఫోన్ కాదు. కౌంటర్‌లో కాకుండా లోపల ఊడ్చే అక్కను అడగండి, రెండో పట్టీ చూపించండి. మా దగ్గర డ్రాయర్ నిండా ఒంటి పట్టీలే ఉండేవి, జోడీ తెచ్చి చూపించినవాళ్లకు వెంటనే ఇచ్చేసేవాళ్లం.